కత్తుల పెట్టెలో గడ్డిపోచ

గడ్డలు కోయడంలో హుసేనప్పది తిరుగులేని చెయ్యి. ఆదోనిలో హకీం నూరుల్లా దగ్గర చేరిన ఆరేళ్ళలో నలభై గడ్డలు కోశాడు, ఒక్కటీ బెడిసికొట్టలేదు. అలాంటివాడు ఇక నేలమీద నడుస్తాడా? గురువుగారి కత్తుల పెట్టెలో ఎప్పుడూ ఒక గడ్డిపోచ, కాస్త మైనం ఉండేవి. పెట్టె తుడిచినప్పుడల్లా ఆ పోచను చెత్త అనుకుని పారేసేవాడు. మర్నాటికి అక్కడ ఇంకోటి ఉండేది.

ఒక ఉదయం జట్కా తోలే ఎర్రిస్వామి కుంటుకుంటూ వచ్చాడు. మోకాలి వెనక నిమ్మకాయంత వాపు.

"నొప్పికి నిద్దరే లేదు సాబూ. కోసెయ్యండి."

హుసేనప్ప అప్పుడే కత్తి కాల్చి పట్టుకున్నాడు. "ఇదెంతసేపు? చిటికెలో పని" అన్నాడు.

హకీం ఎర్రిస్వామిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి పక్కకు వాల్చాడు. వాపుమీద మైనంతో గడ్డిపోచను అతికించాడు.

పోచ తల ఊపింది. మళ్ళీ ఊపింది. గదిలో గాలి లేదు. హుసేనప్ప అనుమానంగా ఎర్రిస్వామి మణికట్టు పట్టి చూశాడు. నాడి కొట్టినప్పుడల్లా పోచ ఊగుతోంది.

హకీం తొడ మొదట్లో బొటనవేలితో గట్టిగా నొక్కాడు. పోచ ఆగింది, వాపు కుంగింది. వేలు తీశాడు. వాపు ఉబికింది, పోచ మళ్ళీ ఊగింది.

హుసేనప్పకు అప్పుడు అర్థమైంది. అందులో చీము లేదు. రక్తనాళమే గోడ పలచబడి ఉబ్బింది. లోపల ఆ మనిషి ప్రాణం కొట్టుకుంటోంది. తను కత్తి పెట్టబోయింది దానిమీద!

"మరేం జేద్దాం సాబ్?" అన్నాడు.

"కత్తి పెట్టెలో పెట్టు. వేలు ఇక్కడ పెట్టు. వాపులో రక్తం నెమ్మదించి లోపలే గట్టిపడాల. కాలికి పక్కదోవల్లో రక్తం పోతాది, భయపడాకు."

ఇద్దరూ వంతులు వేసుకుని నొక్కారు. పొద్దు నడినెత్తికెక్కింది, వాలింది. హుసేనప్ప వేలు తిమ్మిరెక్కి తనది కాకుండా పోయింది. దాని కింద నాళం మాత్రం అలుపు లేకుండా తోస్తూనే ఉంది. ఇంత బలాన్ని మనిషి మోస్తూ తిరుగుతాడని అతనికి ఆ రోజే తెలిసింది.

సాయంత్రం నమాజు పిలుపు వినబడే వేళకు హకీం "తియ్యి" అన్నాడు.

తీశాడు. ముగ్గురూ పోచనే చూశారు. అది కదల్లేదు. వాపు గట్టిపడి ఊరకుంది. పాదం తాకితే వెచ్చగా ఉంది.

ఎర్రిస్వామి ఏడ్చేశాడు. హుసేనప్ప పోచను రెండు వేళ్ళతో తీసి, తుడిచి, కత్తుల పక్కన పెట్టాడు.

"సాబ్, ఈ పోచ సంగతి మీకెవరు నేర్పినారు?"

హకీం పెట్టె మూసి, కాసేపు దానిమీద చెయ్యి ఉంచాడు.

"ఎవరూ నేర్పలేదు బేటా. ఇట్లాంటిదాన్నే ఒకప్పుడు నేనూ ఒకటి కోసినాను."