తెగని తీగ

ఈ కథ నాకు మొదట చెప్పింది తవిటయ్య. కాలిపోయిన మోటార్లు విప్పి మళ్ళీ తీగ చుట్టేవాడు. తరవాత ఇద్దరు ముగ్గురు తమదేనని చెప్పుకు తిరిగారు. వాళ్ళెవరో నాకు తెలుసు. కథ తవిటయ్యదే.

ఒక రైతు బావి మీద ఒక మోటారు ఉండేది. దానికి కరెంటు వచ్చే దారిలో, గోడ మీది పింగాణీ బిళ్ళలో, సన్నటి ఫ్యూజు తీగ ఒకటి ఉండేది. మోటారు తాగే కరెంటంతా ఆ సన్నతీగ ఒంట్లోంచే పోవాలి.

వరి పాలు పోసుకుంటోంది. ఇంకో మూడు తడులు పడితే గింజ, పడకపోతే తాలు.

ఆ ఎండలకి మోటారు ఇరుసు దగ్గర గ్రీజు ఎండిపోయింది. ఇరుసు బిగిసింది. బిగిసినదాన్ని తిప్పాలంటే ఎక్కువ బలం కావాలి, ఎక్కువ బలానికి ఎక్కువ కరెంటు కావాలి. మోటారు గుంజింది. సన్నతీగ కాగి, కరిగి, తెగింది. నీళ్ళు ఆగాయి.

రైతు ఇంకో తీగ వేశాడు. అదే జాతి, అదే సన్నం. పూట తిరక్కుండా అదీ తెగింది. మూడోది వేసేసరికి మోటారు నోరు చేసుకుంది.

“మీ వంశంలో ఒక్కరైనా పూట నిలబడ్డారా? నా పనికి అడ్డం పడ్డానికే పుట్టారు.”

“అన్నా, నీ ఇరుసు పట్టేస్తోంది. రోజూ తాగేదానికి రెండింతలు గుంజుతున్నావు. ఒకసారి ఆగి చూపించుకో,” అంది తీగ.

“తెగడం తప్ప పని రానిదానివి, నాకు వైద్యం చెబుతున్నావా?”

తీగ కాగింది. కాసేపటికి తెగింది.

గట్టు మీంచి రైతు భార్య అంది, “మాటిమాటికీ తెగుతోందంటే లోపలేదో ఉందయ్యా. విప్పి చూడకూడదా?”

“విప్పితే రెండ్రోజులు. చేను ఆగుతుందా నీ కోసం?”

“నా మాటకి నువ్వే ఆగవు, చేనేం ఆగుతుంది.”

రైతు మెయిను దించి, పాత కేబులు ముక్క ఒలిచి, రాగి పోగులు నాలుగు పురిపెట్టి, ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట బిగించాడు. మా వైపు ఆ పని చెయ్యనివాడు లేడు. నేనూ చేశాను, తెలివి అనుకునే చేశాను.

“ఇదీ తీగంటే,” అంది మోటారు.

రాగి తీగకి మొహమాటం ఎక్కువ. “ఎంత కావాలంటే అంత తీసుకో అన్నా. నేను కాదనను,” అంది.

ఆ రోజు నీళ్ళు పారాయి. మర్నాడు పొద్దున కూడా పారాయి. మధ్యాహ్నానికి ఇరుసు పూర్తిగా పట్టేసింది. మోటారు తిరగలేక, కరెంటు తాగడం మానలేక, నిలబడిపోయి మూలిగింది.

“నన్ను ఆపు,” అంది.

“ఆపడం నాకు రాదన్నా,” అంది రాగి తీగ.

లోపలి చుట్లు కమిలిపోయాయి. వార్నిషు మాడిన వాసన గట్టు దాకా వచ్చింది. రైతు పరిగెత్తుకొచ్చి మెయిను దించేసరికి పొగ మిగిలింది.

మోటారు మళ్ళీ బావి మీదికి రావడానికి పదకొండు రోజులు పట్టింది. అప్పటికి చేను తాలైంది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు పింగాణీ బిళ్ళ ఊడదీసి చూశారు. రాగి తీగ చెక్కుచెదరలేదు. “మోటారు మసైపోయినా ఇది తెగలేదు చూడు,” అని మెచ్చుకున్నారు. రైతు కూడా తలూపాడు. చేతకాని ఫ్యూజులు వరసగా తెగిపోయి మోటారుని పాడుచేశాయని, మోటారు గది తలుపు మీద సున్నంతో రాయించాడు. భార్య ఆ తలుపు వైపు చూడకుండా తాలు వెన్నులు కోసి పశువులకి వేసింది.

ఆ రాత ఇంకా ఉందట. నాది కూడబలుక్కుని చదివే చదువు, నా రాత తలుపుల మీదికి పనికిరాదు. మీలో రాత కుదురుగా ఉన్నవాళ్ళు అటు వెళితే దాన్ని చెరిపెయ్యండి. మూడు తీగలు తెగి మరీ చెప్పాయని, నాలుగోది చెప్పలేకపోయిందని రాయండి.