పాకం దిగాక

నేను ఇంతకు ముందు ఏమీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతిలో బడి మాన్పించేశారు. రాత్రి మా మనవరాలికి కోపం గురించి ఒక కథ చెప్పాను. అది మరిచిపోకుండా దాని నోటుబుక్కు వెనక పేజీల్లో రాస్తున్నాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మా లోవకుమారికి ఆదివారం పరీక్ష. పాసైతే హాస్టలు బడిలో సీటు. నిన్న అది లెక్కలకి కూర్చుంటే మా ఆయన మంచినీళ్ళన్నారు, మా అబ్బాయి చెప్పులేవన్నాడు, కోడలు చంటాణ్ణి ఎత్తుకోమంది. లెక్క సగంలోనే ఉండిపోయింది. పిల్ల ఏడుస్తూ వచ్చి నా పక్కలో పడుకుంది. అప్పుడు చెప్పాను.

అనగనగా ఒక ఊరమ్మా. చుట్టూ చెరకు తోటలే. ఆ ఊళ్ళో పైడమ్మని ఒకావిడ. ఆవిడ మొగుడు చెరకు గానుగ దగ్గర పెద్ద పెనంలో బెల్లం వండేవాడు. ఒకరోజు అతనికి చెయ్యి విరిగింది. అప్పుడు పైడమ్మ, "పెనం నేను చూస్తాను" అంది. గానుగ ఆసామి నాయుడు నవ్వాడు. "ఒక్క పెనం వండి చూపించు. బాగుంటే ఈ ఏడంతా నీదే. మాడితే చెరకు మోసుకో" అన్నాడు.

బెల్లప్పాకం సంగతి నీకు తెలుసు కదా. ముందు దింపితే గట్టిపడదు. చిటికె సేపు ఆలస్యమైతే చేదు. నురగ ఎర్రబడ్డం మొదలయ్యాక తెడ్డు వదలకూడదు.

అంతకు ముందేడు ఒకసారి మొగుడు భోజనానికి వెళ్తూ తెడ్డు పైడమ్మ చేతికిచ్చాడు. ఎవరో పిలిస్తే వెళ్ళింది. వచ్చేసరికి మాడిపోయింది. ఆ బెల్లం పశువులు కూడా ముట్టలేదు. ముందు ఎవరు నవ్వారనుకున్నావు? ఆ పిలిచినవాళ్ళే.

ఈసారి గట్టిగా తెడ్డు పట్టుకుంది. అప్పుడు తోటికోడలు వచ్చింది. "అక్కా, గాజులవాడొచ్చాడు. నీ చేతికి పట్టేవి అయిపోతాయి, రాయే."

"పాకం దిగాక" అంది పైడమ్మ.

"అబ్బో, మహారాణీ" అని మూతి తిప్పుకుని పోయింది.

ఆ తర్వాత మరిది వచ్చాడు. "ఒదినా, ఆకలేస్తంది, అన్నం పెట్టు."

"కుండలో ఉంది. నీకూ చేతులున్నాయి. నేను పాకం దిగాక వస్తాను."

"అన్నకి చెప్తానుండు."

"చెప్పు. తినేసి చెప్పు."

ఆ తర్వాత నాయుడే వచ్చాడు, వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని. గానుగ దగ్గరికి వచ్చినవాళ్ళని చెంబుడు రసం ఇవ్వకుండా పంపకూడదు, అది ఆచారం. "ఏవమ్మా, మా వియ్యంకుడికి రసం పొయ్యి" అన్నాడు.

నురగ అప్పుడే ఎర్రబడుతోంది. పైడమ్మ కడుపులో మంట పొయ్యిలో మంటని మించిపోయింది. మాడితే చెరకు మోసుకోమన్నవాడే ఇప్పుడు తెడ్డు వదలమంటున్నాడు. ఆవిడ తలెత్తలేదు. "చెంబు అక్కడుంది, రసం అక్కడుంది. ముంచి పొయ్యండి నాయుడుగారూ. పాకం దిగేదాకా నా చెయ్యి రాదు" అంది.

నాయుడి మొహం నల్లబడింది. వియ్యంకుడే వెళ్ళి ముంచుకు తాగాడు.

అప్పుడు పైడమ్మ పాకం చుక్క నీళ్ళలో వేసింది. వేళ్ళ మధ్య ఉండ కట్టింది. ఆ ఉండని పళ్ళానికేసి కొడితే ఠంగుమంది. "దించండి" అంది పనివాళ్ళతో. బెల్లం పనసతొన రంగులో వచ్చింది.

తోటికోడలు, మరిది, నాయుడు, ముగ్గురూ చేతులు చాపారు. ముగ్గురికీ వేడి బెల్లం పెట్టింది, అదీ ఆచారమే కదా. నవ్వుతూ మాత్రం పెట్టలేదు. ఆ ఏడంతా పెనం ఆవిడదే.

"ఆవిడకి కోపం పోయిందా నాన్నమ్మా?" అనడిగింది లోవ.

"పోలేదు. ఎందుకు పోవాలి? ఆ కోపంతోనే కదా తెడ్డు పట్టుకుంది. ఇంక పడుకో."

కథేమో కంచికి, బెల్లమేమో బుట్టకి,
కళ్ళేమో నిద్దరకి, పిలిచేవాళ్ళు గట్టుకి.

తెల్లారి పిల్లని లోపలి గదిలో లెక్కలకి కూర్చోబెట్టాను. గడపకి అడ్డంగా పీట వేసుకుని చింతపండు పిక్కలు తీస్తున్నాను. "లోవా, మంచినీళ్ళు" అన్నారు మా ఆయన అరుగు మీంచి. నలభై ఏళ్ళలో ఆయన మాటకి ఎదురు చెప్పలేదు నేను.

"పాకం దిగాక" అన్నాను.

ఆయనకి అర్థం కాక నావైపు చూశారు. బిందె ఎక్కడుందో చేత్తో చూపించాను. పీట మీంచి లేవలేదు.