ముప్పై ఆరడుగుల చక్రాల ఇల్లు

అనకాపల్లిలో తెలివైన వాళ్ళెవరని అడిగితే ఊళ్ళో వాళ్ళు తలో పేరూ చెబుతారు గానీ, పైడయ్య గారింట్లో మాత్రం మూడే పేర్లు వినపడతాయి. ఒకటి పైడయ్యది, రెండోది ఆయన భార్య నూకాలమ్మది, మూడోది ఆవిడ తమ్ముడు ఎర్రునాయుడిది. పైడయ్య బెల్లం మార్కెట్లో కాటా దగ్గర ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఎర్రునాయుడు సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపి చింపి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఎవరైనా శుభలేఖ చేతికిస్తే సగానికి చింపి, సగం వాళ్ళకి తిరిగిచ్చేస్తాడు.

"తెలివంటే ఏటనుకున్నారు? సెప్పింది సెప్పినట్టు సెయ్యడమే. సొంత బుర్ర వాడినోళ్ళే పాడైపోనారు" అని పైడయ్య రోజూ కాఫీ తాగుతూ అంటాడు. మిగతా ఇద్దరూ తలూపుతారు. ఆ ఇంట్లో సొంత బుర్రలు మూడూ కొత్తవాటిలాగే ఉన్నాయి, ఒక్క గీత పడలేదు.

అన్నీ బాగానే ఉన్నా నూకాలమ్మకి ఒక్క కోరిక మిగిలిపోయింది. కాపురానికొచ్చిన రోజు నుంచీ ఆవిడ తలుపు తీస్తే కనపడేది అదే పెరడు, అదే నుయ్యి, పక్కింటి చిట్టెమ్మ ఆరేసిన అవే బట్టలు. ఒక్కసారి, పోయేలోగా ఒక్కసారైనా, తన ఇంటి తలుపు తను తీస్తే ఎదురుగా వేరే ఊరు కనపడాలి. పైడయ్యకి భార్యంటే ప్రాణం. అందుకే రిటైరయిన మర్నాడే, హైవే పక్కన షెడ్డులో చక్రాల ఇల్లు ఒకటి అమ్మకానికుందని తెలిసి, ముగ్గురూ ఆటో ఎక్కి వెళ్ళారు.

అది నిజంగా ఇల్లే. రెండు గదులు, వంటగది, స్నానాల గది, కిటికీలకి తెరలు. ఇంజను మాత్రం లేదు. ముందుభాగం వంగి లారీ వెనక కూచుంటుంది, లారీ ఎక్కడికి లాక్కుపోతే అక్కడికి పోతుంది. షెడ్డు యజమాని కొండలరావు మంచివాడు. సరుకు వదిలించుకుందామని చూడకుండా సలహా చెప్పాడు. "తొందరపడకండి. ఉన్న ఇల్లు అమ్మేసి ఇందులోకి వచ్చేశాక ఇరుకైపోయిందంటే ఏం లాభం? దీని పొడవు ముప్పై ఆరడుగులు, వెడల్పు ఎనిమిది. మీ ఇంట్లో నేల మీద ఇంతే కొలిచి గీత గీసుకోండి. వారం రోజులు ఆ గీత దాటకుండా బతికి చూడండి. అప్పుడు కొనాలో వద్దో మీకే తెలుస్తుంది."

ఇంకేముంది. ఇంటికొచ్చి ముగ్గుపిండితో గీత మొదలుపెట్టారు. ఇరవై ఆరడుగులు పోయేసరికి గోడ అడ్డం వచ్చింది. ఆ గోడ వీళ్ళకీ చిట్టెమ్మకీ ఉమ్మడి గోడ.

"ముప్పై ఆరన్నాడు గదా బావా, ఇంకా పదడుగులుండాల" అన్నాడు ఎర్రునాయుడు. పైడయ్య టేపు మళ్ళీ వేసి చూశాడు. ఇంకా పదడుగులుండాలి. కొండలరావు చూపించిన ఇంట్లో ఆ చోట గోడేమీ లేదు కూడా. అంతే, గునపం తెచ్చారు.

చిట్టెమ్మ అవతల చేపల పులుసు పెట్టుకుంటోంది. గోడలోంచి ముందు గునపం వచ్చింది, తరవాత ఎర్రునాయుడి తల వచ్చింది, తరవాత ముగ్గుపిండి పళ్ళెం వచ్చింది. లెక్క ప్రకారం పడకగది సరిగ్గా ఆవిడ పొయ్యి దగ్గర పడింది. పైడయ్య ఆవిడ కాళ్ళ చుట్టూ గీత గీసి, ఇకమీదట పడకగదిలోకి వచ్చేటప్పుడు కాస్త దగ్గి రమ్మని మర్యాదగా చెప్పాడు. చిట్టెమ్మ ఒంటరి మనిషి, నెమ్మదస్తురాలు. పెరట్లో అంత జాగా ఉండగా అక్కడ గీసుకోకూడదా అని అడిగింది. ఇంట్లో గీసుకోమన్నాడు గానీ పెరట్లో గీసుకోమనలేదని ముగ్గురూ ఒకేసారి చెప్పారు. ఆవిడకి కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలీక పులుసులో ఇంకో గ్లాసుడు నీళ్ళు పోసింది.

ఆ వారమంతా వాళ్ళు గీత దాటలేదు. బియ్యం డబ్బా గీతకి జానెడు అవతల ఉండిపోయింది. తమ పొయ్యీ గీత బయటే. చిట్టెమ్మ పొయ్యి మాత్రం గీత లోపల. కాబట్టి మూడు పూటలా చిట్టెమ్మ వండింది తిన్నారు. నుయ్యి కూడా గీత బయటే కాబట్టి స్నానాలు మానేశారు. వారం తిరిగాక పైడయ్య కొండలరావుకి ఫోన్ చేసి, ఇల్లు ఏమాత్రం ఇరుకు లేదనీ, వంట మహా రుచిగా ఉందనీ, నీటి సౌకర్యం ఒక్కటే లోటనీ చెప్పాడు. కొండలరావుకి ఏమీ అర్థం కాలేదు గానీ సంతోషించాడు. ఇంకో సలహా కూడా ఇచ్చాడు. "అందులోకి మారాలంటే బరువు తగ్గించుకోవాలండీ. ఇంట్లో ఒక్కో వస్తువూ చూసుకోండి. ఏడాదిగా వాడనిది ఏదున్నా మొహమాటపడకుండా తీసి అవతల పారెయ్యండి."

బరువు అనేసరికి పైడయ్య ఛాతీ ఉబ్బింది. ఆ విద్యలో ఆయన్ని మించినవాడు లేడు. ఒక్కో వస్తువూ ఎత్తి చూపిస్తాడు, వాడారా అని అడుగుతాడు, లేదంటే వీధిలోకి పోతుంది. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి తాళం వాడలేదు, పోయింది. తాళమే పోయాక తాళంచెవి ఎందుకు, అదీ పోయింది. పాముల కోసం దాచిన కర్ర ఉంది గానీ ఏడాదిగా పాము రాలేదు, పోయింది. ఎర్రునాయుడి దువ్వెన పోయింది, ఆయనకి జుట్టు పోయి పదేళ్ళయింది. సాయంత్రానికి అన్నీ అయిపోయి, పైడయ్య చెయ్యి నట్టింట్లో ఉన్న టేకు స్తంభం మీద పడింది.

"దీన్నెవులైనా వాడారా?" అన్నాడు.

ఎర్రునాయుడు వాడలేదన్నాడు. నూకాలమ్మ బాగా ఆలోచించి, కొత్త పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు సిగ్గుతో ఒకసారి దాన్ని ఆనుకున్నాననీ, మళ్ళీ ముట్టుకోలేదనీ నిజం చెప్పింది.

పెళ్ళైనప్పటినుంచీ వాడని వస్తువు. ఇంకేముంది, రంపం తెచ్చారు. టేకు కర్ర మహా బరువు, ముగ్గురూ పడితే గానీ లేవలేదు. దాన్ని భుజాల మీద పెట్టుకుని వీధిలోకి తెచ్చారు కాబట్టి ముగ్గురూ బతికారు. వాళ్ళు గుమ్మం దాటారో లేదో, పెంకులూ వాసాలూ దూలాలూ అన్నీ కలిసి ఒక్కసారిగా కిందికి దిగాయి. దుమ్ము తగ్గడానికి పావుగంట పట్టింది.

"అమ్మయ్య, బరువంతా దిగిపోనాది" అన్నాడు పైడయ్య.

నూకాలమ్మకి మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి. అంత కాపురం చేసిన ఇల్లు. గుట్టలా పడిన పెంకుల వైపు చూసి, ఇక తనకి తలుపే లేదు, వేరే ఊరి సంగతి తరవాత, ఉన్న ఊరైనా ఎక్కడినుంచి చూడాలి అని బెంగ పెట్టుకుంది. ఆ రోజు చిట్టెమ్మే ముగ్గురికీ తన వరండాలో పక్కలు వేసింది.

కబురు తెలిసి కొండలరావు పరిగెత్తుకొచ్చాడు. వచ్చి గుట్టనీ వీళ్ళనీ మార్చి మార్చి చూశాడు. తన సలహా వల్లే ఇలా జరిగిందని పాపం ఆయన మనసు పీకింది. మర్నాడే చక్రాల ఇంటిని వెనక సందులోంచి లాగించి పెరట్లో, నూతి పక్కన పెట్టించాడు. నెల రోజులు ఊరికే ఉండండి, ఊళ్ళు తిరిగి చూడండి, నచ్చితే కొనండి, లేకపోతే లేదు అన్నాడు. వెళుతూ వెళుతూ ఎర్రునాయుడికి ఒక్క జాగ్రత్త చెప్పాడు. నేల కాస్త వాలుగా ఉంది, చక్రాలకి ఏదైనా గట్టిగా అడ్డం పెట్టాలి, ఇల్లు వేలెడైనా కదలకూడదు.

ఎర్రునాయుడు రాయి పెట్టి చూశాడు. రాయే కదిలేలా ఉందనిపించింది. ఇటుక పెట్టాడు. ఇటుక చిన్నదనిపించింది. అంతే, సిమెంటు తెప్పించాడు. పడిపోయిన ఇంటి రాళ్ళూ రప్పలూ కలిపి చక్రాలు మునిగేదాకా పోశాడు. ఎండిపోకుండా వారం రోజులు పొద్దునా సాయంత్రం నీళ్ళు కూడా పెట్టాడు. చూడ్డానికి బోసిగా ఉందని నూకాలమ్మ దాని మీద మట్టి పరిచి, అలికి, ముగ్గేసింది.

చక్రాల ఇల్లు బాగుంది గానీ తలుపు తీస్తే అదే నుయ్యి, అవే బట్టలు. ఎనిమిదో రోజు నూకాలమ్మ ఇక బయల్దేరదామంది. కొండలరావుకి ఫోన్ చేస్తే లారీ పంపిస్తానన్నాడు. సామానంతా ఊగకుండా కట్టెయ్యమన్నాడు, కిటికీలు మూసుకోమన్నాడు, బండి పూర్తిగా ఆగేదాకా తలుపు తియ్యొద్దన్నాడు. వాళ్ళు గిన్నెలు కట్టారు, కుర్చీలు కట్టారు, కేలండరు కట్టారు. చివరికి ఒకరినొకరు కూడా కట్టుకుని, ఆఖరివాడు ఎర్రునాయుడు తనని తను ఎలా కట్టుకోవాలో తెలీక బావ నడుముకి ముడేసుకున్నాడు.

లారీ డ్రైవరు దాలినాయుడు కొక్కెం తగిలించి బండి స్టార్టు చేశాడు. లారీ గర్జించింది. లారీ చక్రాలు గిర్రున తిరిగి మట్టి చిమ్మాయి. ఇల్లు గజగజ వణికింది. లోపల పైడయ్య, చూశారా ఎంత స్పీడుగా పోతున్నామో అన్నాడు. దాలినాయుడు దిగి, కింద చూసి, మళ్ళీ ఎక్కి, ఇంకా గట్టిగా లాగాడు. కాసేపాగి టీ తాగొచ్చాడు. బండి ఆగింది గనక తుని వచ్చుంటుందని వీళ్ళనుకున్నారు గానీ, పూర్తిగా ఆగిందో లేదో తెలీక తలుపు తియ్యలేదు. దాలినాయుడు మళ్ళీ ముందుకీ వెనక్కీ కుదిపాడు. దడదడమనేసరికి రాజమండ్రి వంతెన అని పైడయ్య గోదావరికి దణ్ణం పెట్టించాడు. సాయంత్రం నాలుగింటికి కొక్కెం విరిగిపోయింది. దాలినాయుడు ఎవరినీ పలకరించకుండా, తన జన్మలో ఇలాంటి బండి లాగలేదని గొణుక్కుంటూ లారీ తీసుకుని వెళ్ళిపోయాడు.

అంతా నిశ్శబ్దమైపోయింది. బండి పూర్తిగా ఆగిందని తేల్చుకుని ముడులు విప్పుకున్నారు. తలుపు నూకాలమ్మనే తియ్యమన్నాడు పైడయ్య. ఆవిడ కొంగు సర్దుకుంది, బొట్టు దిద్దుకుంది. తలుపు తీసింది.

ఎదురుగా నుయ్యి ఉంది. దాని పక్కన ఎవరిదో ఇల్లు కూలిపోయి ఉంది. అవతల దండెం మీద బట్టలున్నాయి. నూకాలమ్మ మెల్లగా దిగి, నూతిలో నీళ్ళు తోడి తాగింది. తియ్యగా ఉన్నాయి. గాలి కూడా చల్లగా ఉంది. ఇన్నేళ్ళకి తీరింది కోరిక.

"ఏవండీ, నాకీ ఊరు నచ్చీసింది. ఇంక చక్రాల ఇల్లొద్దు, ఊళ్ళు తిరగడమొద్దు. ఈ జాగా కొనుక్కుని ఇక్కడే ఇల్లు కట్టుకుందాం" అంది.

పైడయ్య అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. మంచి జాగా, కొలతలు కూడా తమ పాత ఇంటికి సరిగ్గా సరిపోయేలా ఉన్నాయి. ఇంతలో గోడ కన్నంలోంచి చిట్టెమ్మ తొంగిచూసింది. ఈ ఊళ్ళో కూడా మన చిట్టెమ్మలాంటి మంచి మొహం మనిషి ఉందని నూకాలమ్మ ఇంకా సంబరపడింది.

"అమ్మా, ఈ జాగా ఎవులిది?" అని అడిగింది.

చిట్టెమ్మ పొద్దుటినుంచీ జరిగిందంతా వరండాలోంచి చూస్తూనే ఉంది. నిజం చెబుదామని నోరు తెరిచింది గానీ, నూకాలమ్మ మొహంలో సంతోషం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

"ముగ్గురు తెలివైనోళ్ళదమ్మా. ఆళ్ళే పడగొట్టుకున్నారు. ఊళ్ళు సూడ్డానికి బయల్దేరినారు" అంది.

"ఇంత మంచి జాగా ఒగ్గేసి ఎలిపోనారా? పాపం, మరీ తెలివితక్కువోళ్ళలాగున్నారు" అని నూకాలమ్మ జాలిపడింది. ఎప్పుడొస్తారని అడిగింది. ఎప్పటికైనా రాకపోతారా, అందాకా కూచోండి, అన్నం పెడతానంది చిట్టెమ్మ.

అంతే, ముగ్గురూ చక్రాల ఇంటి మెట్ల మీద వరసగా కూచున్నారు. ఇప్పటికీ కూచునే ఉన్నారు. ఆ స్థలం తాలూకు వాళ్ళు ముగ్గురూ మీకు ఎక్కడైనా తగిలితే కాస్త తొందరగా ఇంటికి రమ్మని చెప్పండి. కొనేవాళ్ళు ఎదురుచూస్తున్నారు.