మంటపంలో అష్టాచెమ్మా రాయి

ప్రశ్న వేసినవాడికి పరాంకుశం గారు జవాబు చెప్పగా విన్నవాళ్ళు లేరు. "కూర్చో" అనేవారు, ఏదో ఒక పని చెప్పేవారు. పని అయ్యేసరికి అడిగినవాడికి తన సంగతి తనకే తెలిసొచ్చేది. తెలిసిరాకపోతే మజ్జిగ ఇచ్చి పంపేవారు.

ఆయన ఆశ్రమంలో పనులన్నీ చక్కబెట్టే శిష్యుడు యతిరాజు. నలభై దాటినవాడు, చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే చురుకు. మంటపంలో పాత రాళ్ళు పీకించి గ్రానైటు పరిపించాలని పనివాళ్ళను పిలిపించాడు. ఆ రాళ్ళలో ఒకదాని మీద ఎప్పుడో ఎవరో చెక్కిన అష్టాచెమ్మా గళ్ళున్నాయి. ఒకప్పుడు దాని దగ్గర చోటు దొరకాలంటే పొద్దున్నే రావలసి వచ్చేది. ఇప్పుడు భజనకొచ్చిన పిల్లలూ పెద్దలూ దాని మీదే చతికిలబడి ఫోన్లలో ఆడుకుంటున్నారు. కింద ఏముందో చూసిన పాపాన పోలేదు.

రాళ్ళు లేపుతున్నారని విని యతిరాజు అక్క అలివేలు పరుగున వచ్చింది. వాళ్ళ నాన్న ఆ ఆశ్రమంలోనే వంటవాడుగా ఉండేవాడు. తల్లి లేని పిల్లలిద్దరూ ఆ రాయి మీద ఆడుకుంటూనే పెరిగారు.

"దాన్ని పగలగొట్టించకురా తమ్ముడూ" అంది.

"నీకెందుకక్కా ఆ రాయి? బుద్ధెరిగాక ఒక్క ఆటైనా నామీద గెలిచావా?" అన్నాడు యతిరాజు. పనివాళ్ళు నవ్వారు. అలివేలు కొంగు సర్దుకుంది.

యతిరాజు గురువుగారి వైపు తిరిగాడు. "మీరే చెప్పండి. ఆ ఆటే ఫోనులో ఉంది. గవ్వలు పోవు, తోడు కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు. పైగా అది అసలైన ఆటగాడు. ఇక్కడ ఓటమంటే ఎరగనివాణ్ణి, దాని ముందు ఒక్కసారీ గట్టెక్కలేకపోతున్నాను. ఈ రాయి పోతే పోయేదేమిటండీ?"

"కూర్చో" అన్నారు పరాంకుశం గారు. "నువ్వూ కూర్చోమ్మా అలివేలూ. ఒక ఆట వెయ్యండి."

యతిరాజు చింతపిక్కలు పేర్చుకున్నాడు, అలివేలు గాజుపెంకులు. అష్టాచెమ్మాలో ఎదుటివాడి కాయనొకదాన్ని చంపితే గాని లోపలి గళ్ళలోకి పోనివ్వరు. గీతలు కొట్టిన గడిలో ఉన్న కాయ జోలికి ఎవరూ రాకూడదు. అలాంటి గడిలో నిక్షేపంగా ఉన్న కాయను అలివేలు తీసి, సరిగ్గా తమ్ముడి పిక్క ముందు పెట్టింది.

"చూశారా?" అన్నాడు యతిరాజు, ఆ కాయను చంపుతూ. "వేరే కాయ జరపొచ్చుగా? కోరి తెచ్చి పులి నోట్లో పెట్టింది. చిన్నప్పటినుంచీ ఇదే తెలివి." ఆట మామూలుగా అతనే గెలిచాడు.

పరాంకుశం గారు గవ్వలు ఏరి అలివేలు చేతిలో పోశారు. "ఇంకొక్క ఆట. ఈసారి వీడు నీ తమ్ముడు కాడనుకుని ఆడు తల్లీ."

అలివేలు చాలాసేపు గవ్వలు వెయ్యలేదు. వేసిన తర్వాత మరి ఆగలేదు. ఆమె గాజుపెంకులు గీతల గడి నుంచి గీతల గడికే దూకాయి. దారిలో దొరికిన పిక్కనల్లా లేపి యతిరాజు ఒళ్ళో పడేసింది. అతనికి చంపడానికి ఒక్క కాయా చిక్కలేదు. ఫోనులో జరిగినట్టే అతని పిక్కలు బయటి గళ్ళలో గానుగెద్దుల్లా తిరుగుతుండగానే ఆమె కాయలన్నీ పండిపోయాయి.

యతిరాజు మోసమేమైనా జరిగిందా అని గవ్వలు తిప్పి చూశాడు. ఎప్పుడూ ఉండే గవ్వలే. తలెత్తి అక్కను చూస్తే, గెలిచిన మనిషి ముఖంలో సంతోషం లేదు, బెదురుంది.

"మధ్యాహ్నం అన్నం తింటావు కదరా?" అంది అలివేలు మెల్లిగా.

అదేం ప్రశ్నో అతనికి అర్థం కాలేదు. ఆ తర్వాత గుర్తొచ్చింది. అమ్మ పోయిన ఏడాది ఆటలో ఓడితే కంచం నెట్టేసి గోడకేసి తిరిగి పడుకునేవాడు. ఆ సంగతి అతనెప్పుడో మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు. అతనికి మీసాలొచ్చాయి, పెళ్ళయింది, జుట్టు నెరిసింది, ఇందాక నలుగురి ముందూ ఆమెను తెలివితక్కువదన్నాడు. అయినా ఆమె కాయ తెచ్చి అతని ముందు పెడుతూనే ఉంది. అక్క కళ్ళలోకి చూడలేక ఒళ్ళో పిక్కలు ఏరుకుంటూ కూర్చున్నాడు.

ఇంతలో మేస్త్రి గునపం పట్టుకుని వచ్చాడు. "ఈ రాయి లేపెయ్యమంటారా అండీ?"

పరాంకుశం గారే చెప్పారు. "వీడు అన్నం తిన్నాడో లేదో ఆ ఫోను అడిగిన రోజున లేపుదువుగాని."