ఓబక్క చేట

ఊఁ కొట్టండి. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే కథ అలిగి వాళ్లింటికి పోతాది. ఆఁ, అట్ల!

మా అవ్వకు అవ్వ, ఆ అవ్వకు ఇంకో అవ్వ ఉండె కదా, ఆమె కూడా పుట్టని కాలం. ఎర్రదిన్నె అని ఒక ఊరు. ఆ ఊర్లో అన్నీ మట్టి మిద్దెలే. దూలాల మింద దంతెలు, అంటే అడ్డవాసాలు, దంతెల మింద కట్టెలు, కట్టెల మింద మన్ను. అన్నిటికంటే పైన చౌడు. చౌడంటే తెలుసునా? చేనుకు పనికిరాని తెల్లమన్ను. అందులో గింజ మొలవదు, గడ్డి మొలవదు. కానీ మిద్దె మింద పరిచినామంటే వాన చుక్కను లోపలికి రానియ్యదు. దేవుడు దేన్నీ ఊరికే పుట్టించలేదప్పా.

ఆ చౌడును గాడిద మింద వేసుకొని ఊరూరా తిరిగి పోసేది ఓబక్క. మొగుడు లేడు, బిడ్డల్లేరు. ఆమెకు ఉండేదల్లా ఒక గాడిద, ఒక చేట, ఒక కట్టె. గాడిద పేరు దొరసాని. "నేనూ నడుస్తా, అదీ నడుస్తాది. ఇద్దరిలో ఎవరు దొరసానో చూసేవాళ్లే చెప్పాల" అని పకపకా నవ్వేది. చౌడు పోసిన ఇంట్లో ఇంత సంగటి పెడితే తినేది. అంతే ఆమె బతుకు.

ఎర్రదిన్నెలో ఊరందరి విత్తనాలూ ఒకే మిద్దెలో దాచేవాళ్లు. జొన్నలు, కొర్రలు, కందులు, అన్నీ. దాన్ని విత్తనాల మిద్దె అనేవాళ్లు. తాళంచెవి ఊరి పెద్ద చిన్నపరెడ్డి మొలతాటికి ఉండేది. విత్తనం తడిస్తే కుప్పలోనే మొలకొస్తాది. ఇంక చేన్లో ఏం వేస్తారు? ఊరు ఊరంతా ఆ ఏడు పస్తే.

ఒక ఏడు ఆ మిద్దె ఒక మూల ఉరిసింది. ఉరవడమంటే కారడమే లే. "చౌడు పొయ్యండి!" అన్నాడు చిన్నపరెడ్డి. పోసినారు. రెండో ఏడు రెండు మూలలు ఉరిసింది. "చౌడు పొయ్యండి!" అన్నాడు. పోసినారు. మూడో ఏడు మూడు మూలలు ఉరిసింది. ఏమన్నాడో మీరే చెప్పండి. ఆఁ, అదే అన్నాడు! వాళ్ల నాయన కూడా అదే అనేవాడు, వాళ్ల తాత కూడా అదే అనేవాడు. వంశంలో ఉండాది ఆ మాట.

రోళ్లు పగిలే రోహిణి కార్తె అయిపోవచ్చింది. ఇంక నాలుగు దినాలకు మృగశిర. చిన్నపరెడ్డి ఓబక్కను పిలిపించినాడు.

"ఓబక్కా, ఈసారి ముప్పై గంపలు పొయ్యి. పీడ వదిలిపోవాల."

ఓబక్క నిచ్చెనెక్కింది. కట్టెతో మిద్దెను తట్టింది. చెవి పెట్టి విన్నది. ఒక పక్క టక్కుమనింది. ఇంకో పక్క టక్కుమనింది. ఉరిసిన మూడు మూలల మింద తడితే బొద్దుమనింది. మెల్లిగా దిగొచ్చి కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఒక్క గంప కూడా పొయ్యను రెడ్డీ."

అందరూ గొల్లుమని నవ్వినారు. "ఓయమ్మా! చౌడు పోసి బతికే ముసిల్ది చౌడు వద్దంటాది! రోహిణి ఎండకు మతి పోయినట్టుండాది!"

"నవ్వండి నవ్వండి" అంది ఓబక్క. "రెడ్డీ, పైన మీ తాత పోసిన మన్నుండాది, మీ నాయన పోసిన మన్నుండాది, నువ్వు పోసిన మన్నుండాది. మోకాటి లోతు! కింద దంతెల మాను పుచ్చిపోయింది. పుండు మింద పట్టుబట్ట కప్పితే మానుతాదా? ఇంకో ముప్పై గంపలు పోస్తే మిద్దె పోయి విత్తనాల మింద పడుకుంటాది."

చిన్నపరెడ్డికి కోపమొచ్చింది. "అయితే పడగొట్టి కొత్తది కట్టిస్తా!"

"నాలుగు దినాల్లోనా? అంతవరకు విత్తనాలు నీ తలపాగాలో దాస్తావా? పంటి నొప్పికి తలకాయ తీసేస్తారా ఎవరైనా? దూలాలు ఇనుమట్ల ఉండాయి. పుచ్చింది మూడు చోట్లే. ముందు మాను చూడు, మళ్ల మన్ను పొయ్యి. మూడు దినాలియ్యి నాకు."

"మళ్ల ఉరిసిందంటే?"

ఓబక్క దొరసాని వీపు మింద చెయ్యి వేసింది. "ఉరిస్తే దీన్ని నీ గాటికి కట్టేసి పోతా. ఈ ఊరి పొలిమేర మళ్ల తొక్కను."

ఆ మాటతో అందరూ నవ్వు ఆపేసినారు. ఆ గాడిద లేకపోతే ఆమెకు కూడు లేదని అందరికీ తెలుసు.

మొదటి దినం పాత మన్ను తీసినారు. ఊరంతా వరసగా నిలబడి గంపలందించుకున్నారు. "పోసేటప్పుడు లేని నడుమునొప్పి తీసేటప్పుడు వచ్చిందే!" అని మూలిగినారు. నడిమధ్యలో చిన్నపరెడ్డి "ఆగండి, ఆగండి!" అని కేకేసినాడు. పాముందేమోనని అందరూ ఎగిరి దూకినారు. పామూ లేదు, తేలూ లేదు. మన్నులో ఒక బొంగరం. చిన్నప్పుడు మిద్దె మింద ఆడుతూ పోగొట్టుకున్న బొంగరం! అంత మీసాలాయన దాన్ని పంచెకు తుడిచి, అక్కడే తాడు చుట్టి తిప్పినాడు. అది తిరిగింది కూడా. ఆ పొద్దు నుంచి ఆయన కోపం సగానికి దిగింది.

రెండో దినం వడ్లాయన, అదే వడ్రంగి, రుద్రాచారి వచ్చినాడు. "పాతవి పాతవే, దంతెలన్నీ మారుద్దాం" అన్నాడు.

"గట్టిదాన్ని ముట్టుకోవద్దు సామీ" అంది ఓబక్క. "నీకు ఒక పన్ను కదిలితే అన్నీ పీకించుకుంటావా?"

కట్టెతో తట్టి చూపించింది. టక్కుమన్నవన్నీ ఉంచినారు. బొద్దుమన్న మూడు దంతెలు తీసి తుమ్మమానువి వేసినారు. ఎలకల బొక్కల్లో సున్నం, వేపాకు కూరినారు.

మూడో దినం కొత్త చౌడు. "నాలుగు వేళ్ల మందం. అయిదో వేలు తగిలిందంటే నాతో చెప్పుదెబ్బలు తింటారు!" అని ఓబక్క వేళ్లు పెట్టి కొలిచింది. నీళ్లు చిలకరించినారు. ఆడోళ్లు చెక్కలు పట్టుకొని పాట పాడుతూ చరిచినారు. పాటకు తగ్గట్టు దెబ్బ, దెబ్బకు తగ్గట్టు పాట. కింద ముసలోళ్లు తాళం వేసినారు. ఒక మేకపిల్ల నిచ్చెనెక్కి వచ్చి నాలుగు గెంతులు గెంతింది. "దానికీ కూలి సంగటి పెట్టండి" అంది ఓబక్క.

నాలుగో దినం మధ్యాహ్నం ఆకాశం నల్లగా కమ్ముకుంది. వాన దంచి కొట్టింది.

ఓబక్క తన చేటలో జొన్నపిండి పరిచి విత్తనాల మధ్యలో పెట్టింది. "కంటికి కనపడని చుక్కైనా పిండిలో గుంట చేస్తాది. ఎవరూ ముట్టుకోవద్దు" అంది. అందరూ చుట్టూ నిలబడినారు. దొరసాని వాకిట్లో తడుస్తా నిలబడింది. ఓబక్క చేట దిక్కు చూడదు, దొరసాని దిక్కే చూస్తాది.

వాన ఇంకా పెరిగింది. పిండి చదునుగానే ఉండాది.

అప్పుడే చిన్నపరెడ్డి వానలో పరిగెత్తుకొని వచ్చినాడు. జనాన్ని తోసుకొని చేట మిందికి వంగి చూసినాడు. టప్! పిండిలో గుంట. టప్! ఇంకో గుంట.

"ఉరిసింది!" అని అరిచినాడు. "ఉరిసిందిరో! నేను చెప్తానే ఉన్నా!"

ఓబక్క చేట దిక్కు తిరిగింది. తలెత్తి మిద్దె చూసింది. పొడిగా ఉండాది. తల దించి రెడ్డిని చూసింది. టప్! మూడో గుంట.

"రెడ్డీ" అంది, "మిద్దె ఉరవలేదు. నీ మీసాలు ఉరుస్తాండాయి!"

నవ్వినారు చూడండీ, ఆ నవ్వుకు మిద్దె కూలకపోవడమే గొప్ప! చిన్నపరెడ్డి మీసం పిండుకొని తను కూడా కడుపు పట్టుకొని నవ్వినాడు. బయటికి పోయి దొరసానిని తన చేత్తో లోపలికి తోలుకొచ్చినాడు.

"ఏం కావాల్నో కోరుకో ఓబక్కా" అన్నాడు.

"నాకేం కావాల నాయనా? నీ మీసాల చుక్కలు తప్ప పిండి తడవలేదు. దాంతో రొట్టెలు కాల్చండి, అందరం తిందాం."

చేటెడు పిండికి ఊరంతా. తలా ఒక ముక్క, దాని మింద ఇంత ఎర్రకారం. ఆ రుచి మళ్ల ఏ పండక్కీ రాలేదంటారు. ఆ ఏడు విత్తనాల్లో ఒక్క గింజ చెడలేదు.

ఓబక్క ఇంకా పదేండ్లు బతికింది. ఒక ఎండాకాలం, దొరసాని పక్కన నీడలో కూర్చొని, కూర్చున్నట్టే పోయింది. ఊరంతా ఏడ్చింది. ఆ తర్వాత మొదటి వాన పడినప్పుడు అందరూ విత్తనాల మిద్దెలో చేరి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటికి ముసలైపోయిన చిన్నపరెడ్డి ఓబక్క చేట తెచ్చి పిండి పరిచి మధ్యలో పెట్టినాడు. మీసాలు తుడుచుకొని మరీ వంగి చూసినాడు. ఏడుస్తున్నోళ్లు కూడా నవ్వేసినారు.

అప్పటినుంచి మా పక్క మొదటి వానకు ఇంటి మధ్యలో ఓబక్క చేట పెడతారు. పిండి చదునుగా ఉంటే రొట్టెలు కాల్చి ఇరుగు పొరుగుకు పంచుతారు. గుంట పడితే, రెడ్డైనా సరే, కట్టె పట్టుకొని మిద్దెక్కాల్సిందే. తట్టకుండా చౌడు పోస్తే ఊరు ఒప్పుకోదు. ఎవరన్నా తప్పు కప్పిపెట్టి పైపైన పూస్తాంటే "ముందు మాను చూడు, మళ్ల మన్ను పొయ్యి" అంటారు.

ఇప్పుడు మాది సిమెంటు మిద్దె. మొన్న వానకు నేను చేట పెడితే నా కోడలు మూతి తిప్పింది. "సిమెంటు మిద్దె ఉరుస్తాదా అత్తా? నీ పిచ్చి గానీ!" అంది. తెరిపిచ్చినాక చూస్తే చేటలో మూడు గుంటలు.

కట్టె తీసి దాని చేతికిచ్చినాను, అంతే.