ఖాళీ కుర్చీకి శాలువా

పురుషోత్తమావధానిగారి పద్యాలు గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోతున్నాయని శిష్యుడు గౌరీపతికి తీరని దిగులు. సభలో ఆశువుగా వెలువడిన పద్యం చివర, అన్నిటినీ జ్ఞాపకం నుంచి అప్పగించే ధారణవేళ మరొక్కసారి వినిపిస్తుంది. ఆపైన విన్నవారి మనసులో ఎన్నాళ్లు నిలిస్తే అన్నాళ్లే దాని ఆయుష్షు. గురువుగారు ఏదీ వ్రాసి ఉంచరు. అడిగితే నవ్వి ఊరుకుంటారు.

ఆ ఏడు గురువుగారికి తెలిసిన పేర్లే మరపున పడసాగాయి. ఒక సాయంకాలం శిష్యుణ్ణి పిలిచి కూర్చోబెట్టుకొన్నారు.

"ధారణ సడలుతోంది నాయనా. కార్తికంలో పురమందిరంలో చేసే అష్టావధానమే నాకు కడపటిది. సమస్య నీవియ్యాలి."

సమస్య అంటే పద్యపు నాలుగో పాదం. ప్రశ్న వేసే పృచ్ఛకుడు దానిని ఇస్తే, అవధాని తక్కిన మూడు పాదాలూ కట్టి దానికి అర్థం చేకూరుస్తాడు. గురువుగారి ఎదుట ఆ పృచ్ఛకుని కుర్చీలో కూర్చోవాలన్నది గౌరీపతికి చిన్ననాటి నుంచీ ఉన్న కోరిక. పాదం కూడా ఎప్పుడో కట్టుకొని మనసులో పదిలపరచుకొన్నాడు.

అయినా తల వంచుకొన్నాడు. "సభను ఊరి కేబుల్‌లో ప్రత్యక్షంగా చూపుతున్నారండి. నేను ఇంట్లో ఉండి దాన్ని పట్టుకోవాలి."

"పట్టుకోవడమేమిటి?"

"సెట్‌టాప్ బాక్స్‌లోకి వచ్చే ప్రవాహాన్నండి. బొమ్మా మాటా అన్నీ అంకెలై వస్తాయి. బాక్సు వెనుక నుంచి తీగ వేసి, వచ్చింది వచ్చినట్టు హార్డ్ డిస్కులోకి దించుకొంటాను. ఒక్క అక్షరం జారదు."

"తీగ వేసేసి సభకు రారాదూ?"

"రిమోట్ మీట ఎవరూ నొక్కకపోతే బాక్సు దానంతటదే నిద్రపోతుందండి. అది నిద్రపోతే అంతా పోయినట్టే. పక్కనే ఉండి నొక్కుతూ ఉండాలి."

"మరెవరినైనా కూర్చోబెట్టు."

"ఈ పనికి మరొకరిని నమ్మలేనండి."

"పెట్టె నిద్రపోకుండా కాపలా అన్నమాట," అని గురువుగారు చిన్నగా నవ్వారు. "సరే నాయనా. కాచుకో."

సభనాడు గౌరీపతి బాక్సు ముందు నుంచి కదలలేదు. అతని చూపంతా దాని మీది ఎర్ర దీపం మీదనే. గదిలో టీవీ ఆపి ఉంచాడు. ఎలాగూ అంతా చిక్కుతున్నది కదా, తరువాత తీరికగా వినవచ్చుననుకొన్నాడు.

ఆ తీరిక దొరికేసరికి మాఘం వచ్చింది. ఒక ఉదయం బాక్సునూ డిస్కునూ సంచిలో పెట్టుకొని గురువుగారి ఇంటికి వెళ్లాడు. ఆ బాక్సు పట్టినది ఆ బాక్సులోనే తెరుచుకొంటుంది.

గురువుగారు పడక కుర్చీలో ఉన్నారు. "ఎవరు నాయనా?"

"నేనండి, గౌరీపతిని."

జ్ఞాపకంలో కొంత తడవు వెదికి పట్టుకొన్నారు. "ఓహో. పెట్టె కాపరివా."

అక్కడి టీవీకి బాక్సు తగిలించగానే తెర మీద వేదిక వెలిగింది. చుక్కంత మరక లేదు. గురువుగారి నుదుటి చెమట సైతం కనబడుతున్నది. ఎదుట పృచ్ఛకుల వరుస, అందులో ఒక కుర్చీ ఖాళీ.

అవధానిని మాటలతో దారి తప్పించడం అప్రస్తుత ప్రసంగం చేసేవారి వంతు. ఆ పృచ్ఛకుడు గొంతు సవరించుకొన్నాడు. "అవధానిగారూ, చివర పృచ్ఛకులందరికీ శాలువాలు కప్పుతారు గదా. ఈ ఖాళీ కుర్చీకీ కప్పుతారా?"

సభ నవ్వింది.

"కప్పాలండి," అన్నారు తెర మీది గురువుగారు. "చలి దానికే ఎక్కువ."

గౌరీపతి నవ్వబోయి ఆగిపోయాడు.

సమస్య వంతు వచ్చినప్పుడల్లా గురువుగారు ఆ కుర్చీకి చేతులు జోడించి, ఎవరూ ఇవ్వని సమస్యకు ఒక్కొక్క పాదం చెప్పి ముందుకు సాగారు. చివరకు ధారణ వచ్చింది. పద్యాలన్నీ వరుసగా అప్పగించి, ఆ కుర్చీ వైపు తిరిగారు.

*వచ్చునని చూచు కన్నులు వాడిపోవు,*
*పిలిచి పిలిచిన గొంతుక పెగలకుండు,*
*దాచి యుంచినవెల్లను దాటి చనును…*

ఆ పైన ఏమీ వినబడలేదు.

గౌరీపతి గబుక్కున లేచి తీగ కదిపాడు. "ధ్వని తెగిందండి. ఈ ఒక్కచోటే ఎట్లా జారిందో…"

తెరలో ఎవరో దగ్గారు. పురమందిరం పంకా కిరకిరమంటూ తిరుగుతూనే ఉన్నది. ధ్వని తెగలేదు. గురువుగారు ఖాళీ కుర్చీని చూస్తూ ఆగి ఉన్నారు.

పడక కుర్చీ కిర్రుమన్నది. "బాగున్నాయే. ఎవరివి నాయనా ఆ పాదాలు?"

గౌరీపతి తీగ వదిలేసి ఆయన వైపు తిరిగాడు. "మీవేనండి."

"నాలుగోది చెప్పలేదేం?"

"అది నా దగ్గర ఉందండి." ఎన్నో ఏళ్లుగా పదిలపరచుకొన్న పాదం పెదవుల మీదికి వచ్చింది. చేతులు జోడించి, నోరు తెరిచాడు.

గురువుగారు చేయెత్తి ఆపారు. ఆయన వేలు తెర మీది కుర్చీని చూపింది.

"ఇక్కడి నుంచి కాదు నాయనా. అక్కడ కూర్చుని ఇయ్యాలి."

తెర మీద సభ ముగిసింది. గురువుగారు తమకు కప్పిన శాలువాను తీసి, మెల్లగా వేదిక దిగి వచ్చి, ఖాళీ కుర్చీ వీపున కప్పుతున్నారు.

బాక్సు నిద్రకు జారబోతున్నదనీ, ఏదో ఒక మీట నొక్కమనీ తెర మీద అక్షరాలు వెలిగాయి. రిమోట్ గౌరీపతి చేతిలోనే ఉన్నది.

అతడు నొక్కలేదు.