లైటు స్టాండుతో చెప్పుకున్న క్షమాపణ

మద్రాసు కోడంబాకంలో దండపాణి అనే క్యారెక్టర్ నటుడు ఉండేవాడు. నటన బాగా వచ్చు, తోటివాళ్ళంటే మాత్రం పురుగులతో సమానం.

జమీందారు గుమస్తా, పిసినారి మేనమామ, జైలరు, ఏ వేషమిచ్చినా వేసేవాడు. కానీ క్లోజప్పులన్నీ హీరోహీరోయిన్లకే దక్కేవి. ఒక్కసారైనా తెరనిండా తన మొహం చూసుకోవాలని అతని ఆశ. అది తీరక లోపల ఉడికిపోతూ ఉండేవాడు.

స్టూడియోలో ఒక మర్యాద ఉండేది. ఒకరికి క్లోజప్పు తీస్తుంటే, సీనులో ఉన్న రెండోవాళ్ళు కెమెరా పక్కన నిలబడి తమ డైలాగులు చెప్పాలి. ఎదురుగా మనిషి ఉంటేనే కదా కళ్ళలో ప్రాణం వచ్చేది. దండపాణి మాత్రం తన షాటు కాగానే కుర్చీలో చేరగిలబడి కాఫీ తాగేవాడు. మొహం కనబడనప్పుడు తన గొంతు ఎవడికి కావాలని కసిరేవాడు.

ఒకసారి అమృతవల్లి అనే కొత్తమ్మాయికి తండ్రి ముందు ఏడ్చే సీను వచ్చింది. తండ్రి దండపాణి. తన క్లోజప్పుకి కాస్త ఎదురుగా నిలబడమని ఆ పిల్ల చేతులు జోడించింది.

"నా మొహం చూస్తేగానీ ఏడవలేవా? అదిగో లైటు స్టాండు. దానితో చెప్పుకో" అన్నాడు.

అందరూ నవ్వారు. సిగ్గులేని నవ్వు అది. ఆ పిల్ల ఇనప స్టాండును చూస్తూ ఏడ్చింది. ఆ కన్నీళ్ళు నటన కాదు.

ఏళ్ళు గడిచాయి. అమృతవల్లి పెద్ద హీరోయిన్ అయింది. దండపాణికి జుట్టు నెరిశాక, జన్మంతా ఎదురుచూసిన వేషం దొరికింది. కూతురికి అన్యాయం చేసిన తండ్రి, తనను క్షమించమని ఆమెను వేడుకోవాలి. తెరనిండా అతని మొహమే. కూతురు అమృతవల్లి.

ముందు ఆమె క్లోజప్పు తీశారు. ఆ రోజైనా బుద్ధి రావద్దూ? రాలేదు. దర్శకుడు బతిమాలినా వినక, తన షాటుకి గొంతు దాచుకోవాలంటూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. అమృతవల్లి లైటు స్టాండును చూసి నటించింది. అతని వంతు రాగానే వెళ్ళి అదే కుర్చీలో కూర్చుంది.

"ఇలా వచ్చి నిలబడమ్మాయీ. ఎవర్ని చూసి వేడుకోను?" అన్నాడు దండపాణి.

"లైటు స్టాండు ఉంది కదా బాబాయిగారూ. నాకు అలవాటు చేసింది మీరే" అంది ఆమె.

దండపాణి ఒళ్ళు మండిపోయింది. దర్శకుడి మీద అరిచాడు, మేకప్ మనిషిని తిట్టాడు. చివరికి స్టాండు ముందు నిలబడి "నన్ను క్షమించమ్మా" అంటే, అది కూడా తిట్టినట్టే ఉంది. మళ్ళీ మళ్ళీ తీశారు. కళ్ళలో కోపం తప్ప ఇంకేమీ పలకలేదు. ఫిలిం వృథా అవుతోందని దర్శకుడు ఆపించేశాడు.

సినిమా విడుదలయ్యాక దండపాణి జనం మధ్య కూర్చుని చూశాడు. క్షమాపణ సీనులో తెరనిండా అమృతవల్లి మొహమే ఉంది. ఒక అంచున, ఇంకెవరినో నిలబెట్టి తీసిన తండ్రి వీపు కనబడింది. గొంతు కూడా ఇంకెవరితోనో చెప్పించారు. హాలంతా వెక్కివెక్కి ఏడుస్తోంది. పక్కాయన కళ్ళు తుడుచుకుంటూ, ఆ తండ్రి వేషం వేసిందెవరని అడిగాడు. దండపాణి లేచి చీకట్లో బయటికి నడిచాడు.

అవతలివాళ్ళ వంతులో ఎదుట నిలబడనివాడికి, తన వంతు వచ్చిననాడు ఎదుట ఎవరూ ఉండరు.